అతుకుల రామలింగం చేసిన ఆట డబ్బా

కాశిబుగ్గకు వచ్చి రామలింగం ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ చెప్పరు. ఏ రామలింగం అని ఎదురడుగుతారు. పాల రామలింగం ఉన్నాడు, కరెంటు ఆఫీసు రామలింగం ఉన్నాడు, ఏ పనీ చేయని రామలింగం కూడా ఒకాయన ఉన్నాడు. మనకు కావలసింది అతుకుల రామలింగం. అతను దొరకడం తేలిక. యాభై మూడేళ్ల సన్నటి మనిషి, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చిన్న డబ్బీ, అందులో జల్లించిన బూడిద.

మగ్గం మీద పాత పడుగు అయిపోవచ్చినప్పుడు కొత్త పడుగులోని ఒక్కొక్క పోగునూ పాత పోగు కొసకు మెలిపెట్టి కలపాలి. దాన్నే అతకడం అంటారు. జంపఖానాలు నేసే మగ్గమైతే వందల పోగులు, చీరల మగ్గమైతే వేలు. రామలింగం పోగు జారకుండా వేళ్లకు కాస్త బూడిద అద్దుకుని, రెండు కొసల్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఒక్క తిప్పు తిప్పుతాడు. ఇక ఆ రెండూ విడిపోవు. నలభై ఏళ్లలో ఒక్క పోగు కూడా తప్పు అతకలేదని అతనికి మహా గర్వం. ఆ గర్వం సంగతి ముందే చెప్పి పెట్టడం మంచిది, ఎందుకంటే తర్వాత అదే కొంప ముంచింది.

ఇప్పుడు మగ్గాలు తగ్గిపోయాయి. నెలకు ఒకటో రెండో పిలుపులు వస్తే వచ్చినట్టు. మిగతా రోజుల్లో మట్టెవాడలో ఒక దుప్పట్ల దుకాణంలో మడతలు పెట్టి సంచుల్లో సర్దే పని చేస్తున్నాడు. అలాంటి మనిషి ఉన్నట్టుండి వీడియో గేమ్ డబ్బా తయారు చేస్తానని కూర్చున్నాడు. పోనీ, సరదా అనుకుందాం. ఎవరికోసమయ్యా అంటే, రెండు కళ్లూ కనబడని పౌలు కోసమట. వాడకట్టంతా పడీ పడీ నవ్వింది. నవ్వరా మరి.

పౌలు అదే సందులో పద్నాలుగిళ్ల అవతల ఉంటాడు. రేడియోలు, టీవీలు, మిక్సీలు బాగుచేసే మెకానిక్. కాశిబుగ్గలో అతని చేయి పడని టీవీ లేదంటే అబద్ధం కాదు. షుగరు వచ్చి మొదట కుడి కన్ను మసకేసింది. దవాఖానలో సూదులు వేశారు, లేజర్ పెట్టారు, చేయగలిగిందంతా చేశారు. ఆర్నెల్లు తిరక్కుండా ఎడమది కూడా పోయింది. అప్పటినుంచి ఏడాది మీద రెండు నెలలు అతను లోపలి గదిలో మంచం మీద గోడవైపు తిరిగి పడుకునే ఉన్నాడు. దుకాణం షట్టరు దించేశాడు. చర్చి పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేస్తే ఆమేన్ అని మళ్లీ గోడవైపు తిరిగాడు. చూడవచ్చినవాళ్లతో ఉలుకూ పలుకూ లేదు.

ఒకరోజు సాయంత్రం పౌలు భార్య మరియమ్మ రామలింగం ఇంటికి వచ్చింది. ఆమె ఒక హాస్టల్లో వంట చేస్తుంది. పనిలోంచి నేరుగా వచ్చినట్టుంది, కొంగుకు పసుపు మరకలు అలాగే ఉన్నాయి.

"అన్నా, డాక్టరు ఏమన్నడో ఎర్కేనా. గిట్లనే పండుకుంటె రక్తం ఆడక కాళ్లు పోతయట. చిన్న పుండు వడ్డా మానదట. రోజు నడువాలె అన్నడు. ఈయనేమో కడప దాటుత లేడు. నేను పనికి పోతె పొద్దంత ఒక్కడే. కండ్లు పాయె. కాళ్లు గూడ పోతె నేనేం జేద్దునన్నా."

"ఫికర్ జెయ్యకు చెల్లె. నేను తోల్కపోత నడిపియ్య," అన్నాడు రామలింగం.

అన్నంత తేలిక కాలేదు. మర్నాడు పొద్దున్నే పోయి చేయి పట్టుకున్నాడు. పౌలు విదిలించేశాడు.

"నన్ను పట్టుకోని నడిపిచ్చుడేంది? నేను పసిపోరగాన్నా? నలుగురు చూసి అయ్యో పాపం అనాల్నా? పో, నీ పని చూస్కో."

రామలింగం చాయ్‌కి పిలిచాడు, రాలేదు. రేడియోలో క్రికెట్ వస్తోందన్నాడు, విననన్నాడు. కొత్త చెప్పులు తెచ్చి మంచం పక్కన పెట్టాడు, అవి అలాగే ఉండిపోయాయి. వారం తిరిగేసరికి రామలింగానికి నిజంగానే భయం పట్టుకుంది. యాభై ఏళ్ల స్నేహితుడు కళ్లముందే మంచానికి అతుక్కుపోతుంటే ఏమీ చేయలేక కూర్చోవడం అతనివల్ల కాలేదు.

ఆ దిగులుతోనే ఒకరోజు మట్టెవాడలో దుకాణానికి పోతూ ఒక సందు దగ్గర ఆగాడు. ఆ సందులో ఇనుప మెట్లున్నాయి. ఇప్పుడు పైన సెల్‌ఫోన్ కవర్లు అమ్మే కొట్టు ఉంది. ఒకప్పుడు అక్కడ చంద్రమౌళి వీడియో గేమ్ షాపు ఉండేది.

అబ్బ, ఏం రోజులవి. కింద సైకిల్ షాపు, పైన చంద్రమౌళి. కిటికీలకు నల్ల పరదాలు కట్టేవాడు. మిట్టమధ్యాహ్నం లోపలికి పోయినా పొద్దుగూకినట్టే ఉండేది. ఊదుబత్తి వాసన, చెమట వాసన, వేడెక్కిన టీవీ వాసన కలిసి ముక్కుకు తగిలేవి. గోడవారగా ఐదు డబ్బాలు, ఒక్కొక్కటి మనిషంత ఎత్తు. చంద్రమౌళి రూపాయి తీసుకుని ఇత్తడి బిళ్ల చేతిలో పెట్టేవాడు. ఆటల పేర్లు ఇంగ్లీషులోనో జపాను భాషలోనో ఉండేవి, చదివినవాడు లేడు. అందుకని పిల్లలే పేర్లు పెట్టుకున్నారు. విమానాలాట, కొట్లాట, కార్లాట. అన్నిట్లోకీ పెద్దది దుంకుడాట. ఎర్ర రుమాలు కట్టుకున్న ఒక పొట్టి మనిషి గుంతలు దూకుతూ, పైనుంచి దొర్లే పీపాల్ని తప్పించుకుంటూ పోవాలి. చివర్లో ఒక కోట వస్తుందని చెప్పుకునేవారు. చూసినవాడు మాత్రం ఎవడూ లేడు.

పౌలుకూ రామలింగానికీ కలిపి ఎప్పుడూ ఒక్క బిళ్లే ఉండేది. ఒక బిళ్లకు ఒక మనిషే ఆడాలి. వీళ్లు దానికో ఉపాయం కనిపెట్టారు. కర్ర తిప్పడం పౌలు పని, దూకే బటన్ నొక్కడం రామలింగం పని. ఇద్దరూ భుజం భుజం ఒరుసుకుంటూ నిలబడి ఒక్క మనిషిలా ఆడేవారు. దానికి తోడు పౌలు బాగా పొట్టి. డబ్బా ముందు నిలబడితే తెరలో కింది సగం అతనికి కనబడేదే కాదు. షాపు మొత్తానికి స్టూలు ఒక్కటే, అది చంద్రమౌళి కిందే ఉండేది. కాబట్టి కింద ఏం జరుగుతున్నదో రామలింగం చెబుతుంటే పౌలు తిప్పేవాడు. "పో, పో, ఆగు, ఎన్కకు రా, ఇగ పో." ఆ అరుపులకు తక్కిన పిల్లలు ఆడటం మానేసి వీళ్ల వెనక మూగేవారు. రామలింగం మగ్గం మీదనుంచి లేచి వచ్చేవాడేమో, బటన్ మీద బూడిద మరకలు పడేవి. చంద్రమౌళి తిట్టని తిట్టు లేదు.

డబ్బాలు బాగుచేయడానికి హైదరాబాదు నుంచి ఒక మనిషి వచ్చేవాడు. పౌలు అతని పక్కనే గొంతుకూర్చుని చూసి చూసి పని నేర్చుకున్నాడు. అతను మెకానిక్ అయింది అలాగే. తర్వాత ఇళ్లలోకి చిన్న టీవీ గేములు వచ్చాయి. మెట్లెక్కేవాళ్లు తగ్గారు. ఒకరోజు చంద్రమౌళి డబ్బాలన్నీ పాత సామాన్లవాడికి ఇచ్చేశాడు. వాటిని మెట్ల మీదుగా దించుతుంటే ఇద్దరూ సైకిల్ షాపు ముందు నిలబడి చూశారు. అప్పటికి మీసాలొచ్చిన వాళ్లే, అయినా దుఃఖం ఆగలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఇంటికి నడిచారు.

ఆ మెట్ల దగ్గర నిలబడే రామలింగానికి తట్టింది. తెర సగం కనబడకుండానే కదా పౌలు అన్నేళ్లు ఆడింది. ఇప్పుడు ఆ మిగతా సగం కూడా కనబడదు, అంతే కదా. నేను చెబుతాను, వాడు తిప్పుతాడు. తనను పట్టుకుని నడిపించొద్దన్నాడు గానీ ఆడొద్దనలేదే. ఆట కోసం ముందు గదిలోకొస్తే, రేపు గడప దాటుతాడు, ఎల్లుండి సందు దాటుతాడు. అతని లెక్క అది. పిచ్చి లెక్కే, కానీ చేతిలో ఇంకోటి లేదు.

చౌరస్తా దగ్గర పాత కంప్యూటర్లు అమ్మే రాకేష్‌ను పట్టుకున్నాడు. రాకేష్ నలభై ఏళ్ల మనిషి. చిన్నప్పుడు అతనూ చంద్రమౌళి మెట్లెక్కినవాడే. దుంకుడాట అనగానే అతని మొహం వెలిగిపోయింది.

"అన్నా, గా ఆట ఇప్పుడు దొరుకుతది. పాత కంప్యూటర్ల ఏసిస్త. నెట్‌కేఫ్‌ల మూల పడ్డ లావు మానిటర్ ఒకటున్నది, తీస్కపో. కర్ర, బటన్లు, అవి కంప్యూటర్‌కు కలిపే చిన్న బోర్డు ఆన్‌లైన్‌ల తెప్పిస్త. డబ్బా మాత్రం నువ్వే చేస్కోవాలె."

డబ్బాకు చెక్క కొనే స్తోమత ఎక్కడిది. రామలింగం ఇంట్లో నాలుగు మూలలూ వెతికాడు. చివరికి అతని కన్ను పెళ్లినాటి డ్రెస్సింగ్ టేబుల్ మీద పడింది. కింద రెండు సొరుగులు, పైన నిలువుటద్దం. నడుమంత ఎత్తులో చిన్న బల్ల. అద్దం తీసేస్తే మానిటర్ కొలిచినట్టు పడుతుంది. భార్య శోభారాణి కూరగాయలకు పోయిన సమయం చూసి స్క్రూలన్నీ విప్పేశాడు. ఆమె వచ్చి జడ వేసుకుందామని దువ్వెన పట్టుకుని నిలబడితే ఎదురుగా అద్దం లేదు. మొగుడి మొహం ఉంది, చేతిలో రంపం.

"ఏమయ్యా, నీకేమన్న దయ్యం పట్టిందా," అంది ఆమె.

రామలింగం సంగతంతా చెప్పాడు. పౌలు కాళ్ల మాట వినేసరికి ఆమె దువ్వెన పక్కన పెట్టింది. సొరుగుల్లోని తన సామాన్లు తీసి వేరే చోట సర్దుకుంది. ఆ రోజునుంచి అద్దాన్ని గోడకు చేరేసి, నేల మీద కూర్చుని జడ వేసుకుంటూ వచ్చింది.

మూడు వారాలు పట్టింది. ఫోనులో వీడియోలు చూస్తూ, ఆపుతూ, మళ్లీ చూస్తూ పని సాగించాడు. వెనక చెక్క కోసి గాలి ఆడేలా చేశాడు. బల్లకు రంధ్రాలు పెట్టి కర్రనూ బటన్లనూ బిగించాడు. కంప్యూటర్ కింది సొరుగులో కూర్చుంది. చిక్కల్లా వైర్ల దగ్గర వచ్చింది. కర్రతో పాటు వచ్చిన వైర్లు మధ్యలో సొరుగు అడ్డం రావడంతో ఒక జానెడు తక్కువయ్యాయి. వేరేవాడైతే రాకేష్ దగ్గరికి పరుగెత్తేవాడు. రామలింగం నవ్వుకున్నాడు. కొస తక్కువైతే ఏం చేయాలో అతనికి ఇంకొకరు చెప్పాలా. వైర్లు తుంచాడు, మధ్యలో వేరే వైరు ముక్కలు పెట్టాడు, కొసల మీది ప్లాస్టిక్‌ను పంటితో లాగేశాడు. అలవాటు కొద్దీ డబ్బీ తీసి వేళ్లకు బూడిద అద్దుకుని ఒక్కొక్కటీ మెలిపెట్టాడు. పన్నెండు అతుకులు. వరుసగా, సమానంగా, చూడముచ్చటగా ఉన్నాయి. మీట వేస్తే తెర మీద ఎర్ర రుమాలు మనిషి నిలబడి ఉన్నాడు. పాత పాట మోగింది. రామలింగం ఆ పాట చివరిదాకా వింటూ నిలబడ్డాడు. ముందు పౌలే ఆడాలని కర్ర ముట్టుకోలేదు. బుద్ధున్నవాడైతే ఒకసారి తిప్పి చూసుకునేవాడు.

ఆదివారం, చర్చి ప్రార్థన అయి మరియమ్మ ఇంటికి వచ్చాక, నలుగురు పట్టి డబ్బాను పౌలు ఇంటికి మోసుకుపోయారు. సందులో మంచం వేసుకుని కూర్చునే సోమక్క చూసి ఊరుకుంటుందా.

"ఏం రామలింగం, శోభారాణిని వదిలిపెట్టి దాని డ్రెస్సింగ్ టేబుల్‌ను తోల్కపోతానవేంది," అంది. అని తనూ వెంట నడిచింది. ఆమె వెనక ఇంకో పదిమంది.

ముందు గదిలో డబ్బా దించి మీట వేశారు. పాట మొదలైంది. లోపలి గదిలో మంచం కిర్రుమంది. కాసేపటికి పౌలు తలుపు చెక్క పట్టుకుని నిలబడ్డాడు. గడ్డం పెరిగింది, మెడ సన్నబడింది. మరియమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"చంద్రమౌళి డబ్బానారా?" అన్నాడు పౌలు.

"కాదు. నాది. నేనే చేసిన. రా, కర్ర పట్టు. నేను చెప్త, నువ్వు తిప్పు. యాదికున్నదా?"

పౌలు తలుపు చెక్క వదిలాడు. మూడడుగులు వేశాడు, ఎవరూ పట్టుకోకుండానే. చేయి చాచి కర్రను తడిమి పట్టుకున్నాడు. పెదవి చివర చిన్న నవ్వు వచ్చింది. ఏడాది తర్వాత వచ్చిన నవ్వు అది. రామలింగం అది చూశాడు, చాలనుకున్నాడు.

"కుడికి పో," అన్నాడు.

పౌలు కుడికి తిప్పాడు. తెర మీద మనిషి ఎడమకు పోయి గోడను గుద్దుకుంటూ నిలబడ్డాడు.

"కుడికిరా."

"కుడికే పోతాన."

"కాదు, గోడకు పోతానవ్. అయితె ఎడమకు తిప్పు. ఆఁ, అట్ల. గుంత వస్తాంది, నేను దుంకిస్త."

రామలింగం బటన్ నొక్కాడు. మనిషి దూకలేదు. గుంతలో పడ్డాడు. రెండోసారి దూకాడు గానీ మూడోసారి మళ్లీ పడ్డాడు. చుట్టూ ఉన్నవాళ్లు కిసుక్కున నవ్వారు. వాళ్లు నవ్వింది తెర మీది మనిషిని చూసి. పౌలుకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది? అతని మొహం గట్టిపడింది. కర్ర వదిలేశాడు.

"లోపట వైర్లు ఎవరు కలిపిన్రు?"

"ఇంకెవరు, నేనే."

"కర్ర కింద ఎడమ దిక్కున్న స్విచ్చుకు ఎడమ వైరు ఇచ్చినవా?"

"ఎడమకు ఎడమ ఇయ్యక కుడి ఇత్తరా?"

"కర్ర పైన ఎడమకు వంగితె కింద దాని కాలు కుడికి పోతదిరా. కుడి దిక్కు స్విచ్చును ఒత్తుతది. చిన్న పిలగానికి తెలుస్తది గది. మరి బటన్ ఓసారి వడ్తాంది ఓసారి వడ్తలేదు, వైరు పొట్టిగైనట్టున్నది, ఏం జేసినవ్?"

"అతికిన."

"ఎట్ల?"

"ఎట్ల అతుకుతరు, మెలిపెట్టిన."

"బూడిద పెట్టినవా?"

రామలింగం చేయి జేబులోని డబ్బీ మీదికి పోయింది. సోమక్క ముందు నవ్వింది, తర్వాత అందరూ నవ్వారు. ఈసారి నవ్వింది రామలింగాన్ని చూసే.

"బూడిద పెడితె కరెంటు ఎట్ల పోతదిరా. వైరంటె నూలు పోగనుకున్నవా. తెల్వకపోతె తెల్సినోన్ని అడగాలె," అన్నాడు పౌలు.

"నలభై ఏండ్లల్ల నేను ఒక్క పోగు తప్పు అతకలే."

"ఇయ్యాల పన్నెండు అతికినవ్."

మూడు వారాల కష్టం, పదిమంది నవ్వు, తలకొట్టేసినట్టయింది. రామలింగం నోట్లోంచి మాట జారిపోయింది. "గంత తెలిస్తె నువ్వే లేచి చేసేది ఉండె. పండుకోని ముచ్చట్లు చెప్పుడు అల్కనే."

అన్న మరుక్షణం రామలింగం నాలుక కరుచుకున్నాడు. ఏం లాభం. పౌలు మొహంలో రంగు మారింది. అతను వెనక్కి తిరిగి తలుపు చెక్కకు భుజం కొట్టుకుంటూ లోపలికి పోయాడు.

"తీస్కపో దాన్ని," అని మంచం మీదనుంచి మాట వినిపించింది.

మరియమ్మ రామలింగం వైపు చూడలేదు. డబ్బాను తిరిగి మోసుకొస్తుంటే సోమక్క తన మంచం పక్కకు జరిపి దారిచ్చింది.

ఆ తర్వాత మూడు రోజులు రామలింగం మనిషి కాలేదు. దుకాణంలో డబుల్ దుప్పట్లను సింగిల్ సంచుల్లో కుక్కి సేటుతో చీవాట్లు తిన్నాడు. రెండుసార్లు పౌలు ఇంటి గడప దాకా పోయి వెనక్కి వచ్చాడు. ఎవడినైతే లేపుదామనుకున్నాడో వాడినే పదిమందిలో పండుకున్నవాడివి అన్నాడు. ఇక వాడు జన్మలో లేవడు, ఆ కాళ్లు పోతే ఆ పాపం నాదే అనుకున్నాడు. అన్నం సహించలేదు.

"పోయి తప్పయిందని చెప్పరాదు. నీ దోస్తే గద," అంది శోభారాణి.

"ఏం మొఖం పెట్టుకోని పోవాలె."

"ఈ మొఖమే పెట్టుకోని పో. ఇంకోటి యాడ తెస్తవ్."

పోలేదు. కర్ర వైర్లు అటువి ఇటు మారిస్తే సరిపోతుందని అతనికి ఇప్పుడు తెలుసు. అయినా ఆ డబ్బా మీద చేయి వేయాలంటే మనసొప్పలేదు. గురువారం పొద్దున స్క్రూ డ్రైవర్ పట్టుకుని దాని ముందు కూర్చున్నాడు. మానిటర్ ఊడదీసి శోభారాణి అద్దం శోభారాణికి బిగించేస్తే పీడా వదులుతుందనుకున్నాడు. రెండు స్క్రూలు విప్పాడు. మూడోది విప్పుతుండగా వాకిట్లోంచి శోభారాణి పిలిచింది. ఆమె గొంతు ఎప్పటిలా లేదు.

"ఏమయ్యా. జర ఇటు రా."

బయటికి వచ్చి సందులోకి చూశాడు. పౌలు వస్తున్నాడు.

ఎడమ చేయి గోడ మీద ఆనించి, అడుగు వేసి, పాదంతో ముందు నేలను తడిమి, మళ్లీ అడుగు వేస్తున్నాడు. రామలింగం తెచ్చి పెట్టిన కొత్త చెప్పులు కాళ్లకున్నాయి. కుడి చంకలో ఒక రేకు డబ్బా. మరియమ్మ లేదు, ఆమె హాస్టల్‌కు పోయే వేళ దాటింది. పది గజాల వెనక సోమక్క చీర కుచ్చెళ్లు పట్టుకుని పిల్లిలా నడుస్తోంది. ఒక ఇంటి ముందు స్కూటర్ అడ్డంగా ఉంది. పౌలు మోకాలు దానికి తగిలింది. ఆగాడు, స్కూటర్‌ను చేత్తో తడిమి చూశాడు, దాని యజమానిని ఒక బూతు తిట్టి చుట్టూ తిరిగి మళ్లీ గోడ అందుకున్నాడు.

రామలింగం పరుగెత్తబోయాడు. శోభారాణి అతని చొక్కా పట్టుకుని ఆపింది. "రానియ్యి," అంది మెల్లగా. ఇద్దరూ గుమ్మంలోనే నిలబడ్డారు. మిగిలిన ఇళ్లు ఐదే గానీ అవి దాటడానికి పట్టిన సేపంతా రామలింగం గుమ్మం చెక్క పట్టుకునే ఉన్నాడు.

గోడ అయిపోయి గుమ్మం తగిలేసరికి పౌలు ఆగాడు. చెమటతో చొక్కా తడిసిపోయింది. మోకాలి దగ్గర లుంగీ కాస్త చిరిగింది.

"రామలింగం ఉన్నడా?"

"ఉన్న," అన్నాడు రామలింగం.

వెనకనుంచి సోమక్క అందుకుంది. "నేను పట్టుకోలే. పట్టుకుంటె కొడ్తనన్నడు. నేను ఊరికె నడ్సుకుంట వచ్చిన."

పౌలు ఆమె మాట పట్టించుకోలేదు. "మూడొద్దులాయె నిద్ర వడ్తలేదు. కండ్లు మూసినా తెరిసినా ఆ బూడిద అతుకులే యాదికొస్తానయ్. కరెంటు పని గట్ల చేసి ఇంట్ల పెట్టుకుంటె నాకు మనసున వట్టదు. యాడున్నది డబ్బా?"

తనే తడుముకుంటూ లోపలికి వచ్చి డబ్బా ముందు నేల మీద కూర్చున్నాడు. రేకు డబ్బా మూత తీశాడు. లోపల సీసం కరిగించి వైర్లు అతికే టంకం కర్ర, సీసపు తీగ చుట్ట, చిన్న కత్తెర. ఏడాదిగా మూత తీయలేదేమో, తుప్పు వాసన వచ్చింది. సొరుగు పక్కకు లాగి, బల్ల కిందికి రెండు చేతులూ పోనిచ్చాడు. ఒక్కొక్క వైరునూ వేళ్లతో పట్టి చివరిదాకా పోయి మళ్లీ వెనక్కి వచ్చాడు. అతుకులు తగిలిన చోటల్లా వేళ్లు ఆగాయి.

"మెలి మాత్రం మంచిగ పెట్టినవ్," అన్నాడు. "టంకం నేను పెట్టలేను, చెయ్యి కాలుతది. నువ్వు పెట్టాలె. యాడ పెట్టాల్నో నేను పట్టుకోని చూపెడ్త. ముందుగాల బూడిద తుడువు. ఇగో, ఈ వైరు పట్టు. వణుకకుండ పట్టు."

రామలింగం పట్టుకున్నాడు. పౌలు వేళ్లు అతని వేళ్లను జరిపి, సరైన చోట పెట్టి, గట్టిగా నొక్కాయి. ఆ మాట అన్నందుకు తప్పయిందని చెబుదామని రామలింగం నోరు తెరిచాడు. మాటకు బదులు ఏడుపు వచ్చింది. ఆపుకుందామన్నా ఆగలేదు, భుజాలు కదిలిపోయాయి. శోభారాణి తల పక్కకు తిప్పుకుంది.

పౌలు పని ఆపలేదు. బల్ల కిందనుంచి చేయి తీయకుండానే అన్నాడు.

"ఏడుస్తె పక్కకు పోయి ఏడువు. వైరు తడుస్తది."

రామలింగం పక్కకు పోలేదు. చొక్కా భుజంతో మొహం తుడుచుకుని, వైరును కదలకుండా పట్టుకుని అక్కడే కూర్చున్నాడు.